చిప్పల దిబ్బ సాక్ష్యం

ఆల్చిప్పలు ఒలవడంలో పాంగ్ సాయ్‌లిన్‌కు ఆ తీరంలో సాటి ఎవరూ లేరు. ఆమె నోటికి జడిసి బేరగాళ్ళు దారి మార్చుకునేవాళ్ళు. ఒలిచేది ఎడమచేత్తో. చిన్నప్పుడు అన్నం దగ్గర తల్లి ఆ చేతిని గుడ్డతో కట్టేసేది. పిల్లలు ‘పుర్రచేతి పీత’ అని ఏడిపించేవాళ్ళు.

ఆ నెల ఆమె ఊరి వెనక చిప్పల దిబ్బ దగ్గర, పాతకాలపు ఆనవాళ్ళు వెతికే తవ్వకాల వాళ్ళకు చిప్పలు కడిగిపెడుతోంది. కొత్త రోడ్డు ఆ దిబ్బ మీంచే పోవాలి. అవి వేల ఏళ్ళనాటి మనుషులు తిని పారేసిన చిప్పలని తేలితే రోడ్డు పక్కకు తప్పుకుంటుంది. లేదంటే తెల్లారేసరికి యంత్రాలు వస్తాయి. సాయ్‌లిన్ పని నేర్చుకున్నది తల్లి పక్కన ఆ దిబ్బ మీద కూర్చునే.

మధ్యాహ్నం రోడ్డు ఇంజినీరు చో వచ్చి దిబ్బను బూటుకాలితో తన్నాడు.

“మనుషులేంటి మాష్టారూ, తుఫానులకి సముద్రం ఎగదోసిన చెత్త ఇది. సాయంత్రానికి ఆ ముక్కే రాసిచ్చెయ్యండి.”

తవ్వకాల పెద్ద మో వెయ్‌చిన్ దిబ్బలో దొరికిన మొనదేలిన రాళ్ళు నాలుగు చూపించాడు. “మరి ఇవి? దుంపలు తవ్వుకునే పనిముట్లు...” అంటూ నసిగాడు.

సాయ్‌లిన్‌కు నవ్వాగలేదు.

“దుంపలా! ఏం తమ్ముడూ, నెల్నాళ్ళుగా నా ఆల్చిప్పల జావ లొట్టలేసుకుంటూ తాగుతున్నావు, ఒక్కటైనా ఒలిచావా?”

“లేదక్కా.”

“అదీ సంగతి! చదివినోళ్ళకి తినడమే వచ్చు.”

ఆమె బుట్టలోంచి తను ఆల్చిప్పలు కొట్టే ఇనప ముక్కును తీసి రాయి పక్కన పెట్టింది. రెండింటి మొనా ఒకటే. తర్వాత ఒక బతికున్న ఆల్చిప్పనూ ఆ రాయినీ మో చేతిలో పెట్టి, “కొట్టు” అంది. మో కుడిచేత్తో వేసిన మూడో దెబ్బకు కుడి అంచున పెచ్చు ఊడి మూత లేచింది.

ఆమె కడిగిన చిప్పలు దోసెడు తీసి ఇంజినీరు ముందు పోసింది.

“చూడు నాయనా, అన్నిటికీ కుడి అంచే ఊడింది. సముద్రానికి అంత గురెక్కడిది?”

“ఏరి చూపిస్తే సరా?”

“అయితే నువ్వే చోటు చూపించు.”

చో చూపించిన మూల తవ్వారు. పైకి తీసిన చిప్పలన్నిటికీ ఎడమ అంచు ఊడి ఉంది. చో ముఖం వెలిగిపోయింది.

“ఏమ్మా, గురి అన్నావు! మరి ఇక్కడ ఎడమ అంచెందుకు ఊడిందో ఇప్పుడు చెప్పు!”

సాయ్‌లిన్ ఒక చిప్పను అటూ ఇటూ తిప్పి చూసి, ఆ పాత రాయిని ఎడమచేత్తో పట్టుకుంది. కొత్త ఆల్చిప్ప మీద ఒకే ఒక్క దెబ్బ వేసింది. ఎడమ అంచు ఎగిరిపోయింది. పాత చిప్పనూ దీన్నీ పక్కపక్కనే పెడితే రెండు దెబ్బలకూ తేడా చో పోల్చుకోలేకపోయాడు. రోడ్డు పటం మడిచి చంకలో పెట్టుకున్నాడు.

“గీత మార్చాలి,” అన్నాడు మెల్లగా.

మో కాగితం తెచ్చి, “అక్కా, సాక్షిగా నీ పేరు రాస్తున్నా,” అన్నాడు.

సాయ్‌లిన్ వినడం లేదు. ఆ మూలనున్న చిప్పలను నిమురుతూ ఏడుస్తోంది.

“ఇక్కడ కూర్చున్నావిడ నాలాంటిదేరా తమ్ముడూ. ఎన్ని ఒలిచిందో చూడు. ఈవిడ చేతిని ఎవరూ కట్టెయ్యలేదు.”