ఢిల్లీలో ఆగిన మూడు గంటలు

అంతోనమ్మ అప్పటిదాకా విమానాన్ని తలెత్తి చూడటమే గాని దగ్గరగా చూసి ఎరగదు. తిరువూరులో ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త జోజప్ప లారీ డ్రైవరు. ఏటా మే నెలలో రెడ్డిగూడెం తోటల మామిడికాయలు వేసుకొని ఉత్తరాదికి వెళ్తాడు. ఎప్పుడూ ఢిల్లీ దాకా వెళ్ళి వచ్చేవాడు, ఈసారి జమ్మూ దాకా వెళ్ళాడు. సరుకు దింపిన కాసేపటికే గుండెల్లో నొప్పంటూ లారీ పక్కనే కూలబడ్డాడు.

ఆ కబురు చెప్పింది లారీలో రెండో డ్రైవరుగా వెళ్ళిన ఏడుకొండలు.

"వదినా, అన్నని ఆసుపత్రిలో చేర్పించా. మాట్లాడుతున్నాడులే. కాకపోతే ఇంట్లోవాళ్ళని పిలిపించుకోమంటున్నారు డాక్టర్లు. అన్నకి ఇంతకుముందు ఏమన్నా గుండె జబ్బుందా, పాత కాగితాలున్నాయా అని అడుగుతున్నారు."

కాగితాలు ఉన్నాయి. రెండేళ్ళ కిందట ఆయాసంగా ఉందంటే విజయవాడలో చూపించారు. అప్పటి పరీక్షల కాగితాలూ, మందుల చీటీలూ బీరువాలో చీరల కింద దాచింది. అవన్నీ తీసి, ఆయన రెండు లుంగీలూ తన రెండు చీరలూ పెట్టిన బ్యాగులో అడుగున సర్దింది.

రైలైతే రెండు రోజులు పడుతుంది. లారీ యజమాని గిరిబాబు విమానం టికెట్టు తీశాడు. మర్నాడు పొద్దున గన్నవరంలో ఎక్కి, ఢిల్లీలో మారి, జమ్మూలో దిగాలి. దొరికింది ఒక్క సీటే. కూతురు గ్లోరి పన్నెండు రోజుల బాలింత, ఆమె ఎటూ కదలలేదు. అంతోనమ్మ ఒక్కతే బయలుదేరింది.

తెల్లవారకముందే గిరిబాబు తన కారులో తీసుకెళ్ళాడు. దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.

"మైలవరంలో బస్సు మారినట్టే అనుకో అంతోనమ్మా. ఢిల్లీలో దిగగానే నీ బ్యాగు తీసుకో. తర్వాత జమ్మూ విమానం ఎక్కడని ఎవరినైనా అడుగు. మధ్యలో రెండు గంటల టైముంది. కంగారేం లేదు."

"అట్టాగే బాబూ."

గిరిబాబు నాలుగైదుసార్లు హైదరాబాదుకు విమానంలో వెళ్ళినవాడే గాని, ఎప్పుడూ మధ్యలో మారి ఎక్కలేదు. ఆ సంగతి అతనికీ గుర్తు రాలేదు.

లోపల కౌంటరు దగ్గర అమ్మాయి బ్యాగు తీసుకొని, రెండు బోర్డింగ్ పాసులు ఇచ్చింది. ఒకదాని వెనక చిన్న చీటీ అంటించింది. "బ్యాగు త్రూ వేశానండీ, జమ్మూకే" అంది. అంతోనమ్మకు 'త్రూ' అంటే ఏమిటో తెలియలేదు. బ్యాగు జమ్మూకే కదా, తనూ జమ్మూకే కదా అనుకుంది. వెనక జనం నిలబడి ఉన్నారు. బడికి తనిఖీ అధికారులు వచ్చి ఏదైనా అడిగినప్పుడు ఊపినట్టే తలూపింది.

విమానం పదీ ఇరవైకి ఢిల్లీలో దిగింది. అందరూ ఎటు నడిస్తే అటు నడిచింది. బ్యాగులు తిరిగే బెల్టు దగ్గర ఆగింది. ఎర్రవీ నల్లవీ పెట్టెలు వస్తున్నాయి, ఎవరివి వాళ్ళు తీసుకుపోతున్నారు. తన నీలం బ్యాగు రాలేదు. జనం పలచబడ్డారు. చివరికి ఒక తాళ్ళు కట్టిన అట్టపెట్టె ఒక్కటే తిరుగుతుంటే దాన్నీ ఎవరో తీసుకెళ్ళారు. బెల్టు ఆగిపోయింది.

పక్క బెల్టు దగ్గరికి పరుగెత్తింది. అక్కడా లేదు. ఒకాయన్ని అడిగితే హిందీలో ఏదో చెప్పి చేయి చూపించాడు. అటు వెళ్తే ఇంకో బెల్టు. గిరిబాబుకు ఫోన్ చేసింది.

"బ్యాగు రాలేదు బాబూ! ఆయన కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి!"

"ఉండు, ఉండు. వస్తుందిలే. ఒక్కోసారి ఆలస్యమవుతుంది. అక్కడే ఉండి చూడు."

ఆమె అక్కడే ఉంది. కాగితాలు లేకుండా వెళితే వైద్యం ఎట్టా చేస్తారన్న ఒక్క ఆలోచనే ఆమె తలలో తిరుగుతోంది. గోడ మీది గడియారం పదకొండున్నర దాటింది. అప్పుడు నేల తుడుస్తున్న ఒకావిడ ఈమె ఏడుపు చూసి దగ్గరికొచ్చింది. ఆమె చేతిలోని బోర్డింగ్ పాసు తీసుకొని వెనకనున్న చీటీ చూసింది. "జమ్మూ, జమ్మూ" అంటూ చేయి పైకెత్తి విమానం ఎగిరినట్టు చూపించింది. చేయి పట్టుకొని ఒక కౌంటరుకు తీసుకెళ్ళింది. అంతోనమ్మ ఫోన్ కలిపి అక్కడున్న అతని చేతికిచ్చింది. అతను గిరిబాబుతో రెండు ముక్కలు మాట్లాడి తిరిగిచ్చాడు.

"అంతోనమ్మా, బ్యాగు ఆగదంట. నేరుగా జమ్మూ విమానంలోకి మార్చేస్తారంట. నువ్వు పరుగెత్తు! టైము లేదు!"

ఆమె పరుగెత్తింది. పైకి వెళ్ళే మెట్లు కదులుతుంటే కాలు పెట్టడానికి భయమేసి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని మామూలు మెట్లెక్కింది. మళ్ళీ తనిఖీ, మళ్ళీ వరస. గేటు దగ్గరికి వచ్చేసరికి పన్నెండుకు రెండు నిమిషాలు. పన్నెండుంబావుకు విమానం. అద్దం అవతల అది అక్కడే కనిపిస్తోంది, ఇంకా కదల్లేదు. గేటు మూసేశారు.

ఆమె రెండు చేతులూ జోడించింది. "మా ఆయన ఆసుపత్రిలో ఉన్నాడయ్యా" అంది తెలుగులోనే. ఆసుపత్రి అన్న మాట అర్థమై వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఒకమ్మాయి ఎవరికో ఫోన్ చేసి అడిగింది కూడా. తర్వాత తల అడ్డంగా ఊపి, మూడింటి విమానంలో చోటిస్తామని వేళ్ళతో లెక్కపెట్టి చూపించింది. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

అద్దంలోంచి అంతోనమ్మ చూస్తుండగానే ఆ విమానం వెనక్కి జరిగి వెళ్ళిపోయింది.

కాసేపటికి ధైర్యం చేసి ఏడుకొండలుకు ఫోన్ చేసింది. అతను జోజప్ప చెవి దగ్గర పెట్టాడు.

"తప్పిపోయిందయ్యా, ఎక్కలేకపోయా" అని ఏడ్చేసింది.

"ఏడవమాకే పిచ్చిదానా." గొంతు బలహీనంగా ఉంది గాని అందులో నవ్వుంది. "ఆ ఢిల్లీ అంతేనే. నేను లోడేసుకొని ఎన్నిసార్లు పూటలకు పూటలు ఆగిపోలా అక్కడ? నీకు మూడు గంటలేగా. ఏమన్నా తిన్నావా?"

"తిన్నా" అని అబద్ధమాడింది.

"కూర్చో. ఈసారి గేటు కాడే కూర్చో, ఎటూ పోమాక. నేనెక్కడికి పోతా?"

ఆమె గేటు ఎదురుగానే కూర్చుంది. మూత్రానికి కూడా లేవలేదు. జపమాల బ్యాగులో ఉండిపోయింది. వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ జపం చేసింది. మూడింటికి ముందు వరస కదులుతుంటే మళ్ళీ ఫోన్ చేసింది.

"ఎక్కుతున్నావా వదినా? ఎక్కు" అన్నాడు ఏడుకొండలు.

"ఆయనకివ్వు ఒకసారి."

"ఫోన్ ఆపమంటారు వదినా. నువ్వెక్కు. నేను వస్తాగా ఎయిర్‌పోర్టుకి."

ఫోన్ పెట్టేశాడు. ఎప్పుడూ వదిన పెట్టేదాకా తను పెట్టడు. ఆమె అది గమనించింది. గమనించనట్టే తన సీటు వెతుక్కొని కూర్చుంది.

జమ్మూలో ఏడుకొండలు గేటు బయట నిలబడి ఉన్నాడు. ఆమెను చూడగానే తల దించుకున్నాడు. అంతోనమ్మ అతని ముందుకొచ్చి ఆగింది.

"ఎప్పుడు?"

"రెండున్నరకి."

మొదటి విమానం ఎక్కి ఉంటే రెండుంబావుకల్లా ఆమె ఆయన మంచం పక్కన ఉండేది. పావుగంట దొరికేది. ఆ లెక్క ఏడుకొండలు చెప్పలేదు, ఆమే వేసుకుంది.

ఆసుపత్రికి వెళ్ళే ఆటోలో, ఆమె అడిగిన మీదట, అతను చెప్పాడు.

"నీతో మాట్లాడాక హుషారుగానే ఉన్నాడు వదినా. మా ఆవిడ రెండు విమానాలు మారి వస్తోందని పక్క మంచం ఆయనకి వచ్చీరాని హిందీలో చెప్పాడు. గడ్డం మాసి ఉంది, చూస్తే దిగులు పడుద్ది, గీయమన్నాడు నన్ను. సగం గీశానో లేదో…"

ఆమె వెళ్ళి చూసినప్పుడు జోజప్ప ఎడమ చెంప నున్నగా ఉంది. కుడి చెంప మీద తెల్ల గడ్డం అలాగే ఉంది. అటు వైపే చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది.

మూడో రోజు తిరువూరు సమాధుల తోటలో ఫాదర్ గారు ప్రార్థన చెప్పి మట్టి చేశారు. అందరూ వెళ్ళాక గిరిబాబు ఇంటికొచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"బ్యాగు తీసుకోమని చెప్పింది నేనే అంతోనమ్మా. తెలియకపోతే తెలియదని ఊరుకోవాల్సింది. నీకు ఆయన్ని ప్రాణంతో చూసే వీల్లేకుండా చేశా."

అంతోనమ్మ కుర్చీని మళ్ళీ అతని వైపు జరిపింది.

"గన్నవరంలో ఆ అమ్మాయి చెప్పింది బాబూ. తెలుగులోనే చెప్పింది. అర్థం కాలేదు తల్లీ, ఇంకోసారి చెప్పు అని అడగొచ్చు నేను. సిగ్గుపడ్డా. వెనక జనం ఉన్నారని సిగ్గుపడి తలూపా."

గిరిబాబు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అతని మీద ఆమెకు కోపం రాలేదు. వస్తే కొంత తేలికపడేదేమో.

ఆ ఆదివారం చర్చిలో పూజ అయ్యాక చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. మాటల మధ్యలో మేరమ్మ అనే ముసలావిడ, అడగకూడదని తెలియక, "విమానం ఎట్టా ఉంటదే? భయమేసిందా?" అంది. గ్లోరి ఆమె వైపు కోపంగా చూసింది.

"అడగనీయవే" అంది అంతోనమ్మ. "లేచేటప్పుడు చెవులు మూసుకుపోయినాయి. మబ్బులు కింద ఉన్నయ్యి, దూది ఏకి పరిచినట్టు. బండి తోసుకుంటా ఒకమ్మాయి నీళ్ళు తెచ్చింది. పొలాలు చిన్న చిన్న రుమాళ్ళంత కనపడినయ్యి…"

అక్కడ ఆగిపోయింది.

"ఏటేటా వచ్చి ఆ ఊళ్ళ సంగతులన్నీ ఆయన నాకు చెప్పేవాడు. నా దగ్గర చెప్పడానికి ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. అందుకని అన్నీ బాగా గుర్తు పెట్టుకున్నా. అక్కడికి చేరగానే ఆయనకి చెబుదామని."

గ్లోరి బిడ్డను తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది.