మేమే తవ్వేసిన మొరం కట్ట

భిక్షం పేరు మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ అతను పలికాడు. అయినా రాలేదనే రాసుకున్నారు.

ఇది నేను కళ్లారా చూసింది. పంచాయతీ సమితులొచ్చిన మరుసటేడు మా తాలూకాలో కొత్త తహసీలు కచేరి తెరిచారు. నిలువెత్తు పునాది, ముందు పదమూడు మెట్లు. బంట్రోతు ఎల్లస్వామి పై మెట్టు మీద నిలబడి కేకేశాడు. నా మరిది భిక్షం మెట్ల కింద, ఎడ్లబండిలో, గడ్డి మీద ఉన్నాడు.

"హాజర్," అన్నాడు భిక్షం.

"కింద పలికితే చెల్లదు. తహసీల్దారు సాబు ముందట నిలవడాలె," అన్నాడు ఎల్లస్వామి. ఆ గొంతులో కోపం లేదు, సిగ్గుంది.

"నిలవడుడేంది ఎల్లస్వామీ. నేను నిలవడి ఏడేండ్లాయె."

మా ఊరి బావి నీళ్లు ఎముకల్లో చేరి బిగుసుకుపోయినవాళ్లు ముప్పై మంది ఉన్నారు. నడుము వంగదు, మెడ తిరగదు, మోకాళ్లు ముడుచుకున్న చోటే ఉండిపోతాయి. ఒకసారి దవాఖాన దగ్గర ఇద్దరు చంకల్లో చేతులేసి ఎత్తితే భిక్షానికి రెండు పక్కటెముకలు విరిగాయి. అప్పటి నుంచి బండి పోయిన కాడికే అతను పోగలడు.

వరండాలో దొర గుమాస్తా నవ్వాడు. "ఎగిరి రమ్మనుండ్రి."

దావా దొరది. భిక్షం పేరున కౌలున్న మూడెకరాల మెట్టచెలకను అతను తనంతట తానే వదిలేశాడని దొర మాట. కాదని భిక్షం తహసీల్దారు ఎదుట తన నోటితో చెప్పాలి. ఇప్పుడు ఒక గైరుహాజరు పడింది. రెండోది పడితే చెలక దొరదే.

రాళ్లు మోసేవాళ్లు, చదువుకునే పిల్లలు అసలు వినాల్సింది ఇక్కడి నుంచి. ఆ కచేరి కట్టింది మేమే. నార్కట్‌పల్లి దిక్కు నుంచి వచ్చిన రాళ్లను పునాది మీదికి చేర్చడానికి మట్టీ మొరమూ పోసి ఏటవాలుగా కట్ట కట్టాం. రాళ్లబండ్లు ఎడ్లతో సహా దాని మీదుగా పైకి ఎక్కేవి. ఒకనాడు భిక్షాన్ని కూడా బండిలో పైదాకా ఎక్కించి చూశాం. "ఇగ నీకు ఫికరు లేదు బావా, సక్కగ సాబు బల్ల కాడికే పోతవు," అంది నా తోటి కూలి జానమ్మ.

కచేరి తెరిచే ముందురోజు రఘుపతి వచ్చాడు. రఘుపతి దొరల మీద కొట్లాడిన సంగం మనిషి. పోలీసులు వెదికిన రోజుల్లో రెండు నెలలు భిక్షం గడ్డివాములో దాగాడు. అతనికి అన్నం మోసుకుపోతూనే నా పెనిమిటి తూటా తగిలి పోయాడు. ఇప్పుడు రఘుపతి సమితి ప్రెసిడెంటు.

"రేపు మంత్రి వస్తడు. గీ మట్టికుప్ప మనకు నామోషి. తీసెయ్యుండ్రి. నెల తిరగకముందే రాళ్లతోటి మంచి బాట కట్టిస్త," అన్నాడు.

మేము కాగితం అడగలేదు. మావాణ్ని కాగితం ఎట్లా అడుగుతాం? కట్ట తీసేనాడు కూలీలకు కల్లు పోయించడం ఆనవాయితీ. ఆ కల్లు తాగి, పాటలు పాడుకుంటూ, మా పారలతో మేమే తవ్వేశాం. ఆఖరి తట్ట నేనే ఎత్తిపోశాను.

నెల దాటింది, బాట రాలేదు. విచారణ పేషీ తప్పిన సాయంత్రం రఘుపతి ఇంటికి పోయాం. అతను అరుగు మీద కుర్చీలోంచి లేవలేదు.

"ప్లానుల లేదు నర్సింగమ్మా. ఇంజనీరు ఒప్పుకోలే."

"కట్ట తియ్యమన్ననాడు ప్లాను సంగతి చెప్పకపోతివి అన్నా."

"ఒక్క మనిషి కోసం సర్కారు బాట కడ్తదా?"

"ఒక్కడెట్లయిండు? ఓట్లకు ముందు ముప్పైమంది పేర్లు నువ్వే రాసుకపోయినవు గద."

అతను గొంతు తగ్గించాడు. "దొరతోని మాట్లాడిన. అరెకరం ఇడుస్తడట. భిక్షంతోని రాజీ కాగితం మీద వేలు పెట్టియ్యి."

దొరతో ఎప్పుడు మాట్లాడావని నేను అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది.

బండి దగ్గరికొచ్చి చెప్పాను. అది విని భిక్షం అన్నాడు: "మన బావి నీళ్లు ఆయన రెండు నెలలే తాగిండు వదినె. గందుకే దొర ముందట నడుము మంచిగ వంగుతాంది."

మర్నాడు రాళ్లు కొట్టే జాగాలో అందరం కూడాం. ఐలేశం గడ్డపార పట్టుకొనే వచ్చాడు. "మెట్లు పగలగొడ్దం."

"పగలగొడితే బండి ఎక్కుతదా? మనం జైలెక్కుతం," అంది జానమ్మ. "పేషీ ఉన్నోళ్లెవలూ పైకి పోవద్దు. అందరం కిందనే పలుకుదం. సాబునే దిగి రానియ్యి."

"నాదీ గదే నాడు పేషీ," అన్నాడు నర్సింహ. "నా రెండెకరాలు పోతే నీ అయ్య ఇస్తడా?"

అతను అన్నది తప్పు కాదు.

"నర్సింహను పోనియ్యుండ్రి," అన్నాడు భిక్షం. "కాళ్లు పనిచేసినన్ని దినాలు ఎక్కనీ."

"ఎకసెక్కం చెయ్యకు మామా," అన్నాడు నర్సింహ. కొంచెం ఆగి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "ఈ ఎండకాలం సంది పొద్దున లేస్తే నాకు గుడ నడుము పట్టుకుంటాంది."

ఆ తర్వాత వాదన లేదు.

పేషీనాడు అరవై మందిమి పోయాం. ఆరు బండ్లలో లేవలేనివాళ్లు వచ్చారు. పదింటికి ఎల్లస్వామి మొదట నర్సింహను పిలిచాడు. నర్సింహ మెట్ల కిందే నిలబడి "హాజర్" అన్నాడు. మెట్టు మీద కాలు పెట్టలేదు. పద్నాలుగు పేర్లు పిలిచారు. భిక్షంతో సహా పద్నాలుగూ కిందే పలికాయి. తహసీల్దారు వరండాలోకి వచ్చి చూశాడు. "అందరినీ గైరుహాజరు రాయి," అని లోపలికి పోయాడు.

కాసేపటికి జీపు వచ్చింది. ఎస్సై దిగాడు, వెనుకే రఘుపతి దిగాడు.

"సర్కారు పనికి అడ్డం పడ్డరు. కేసు పెడ్తున్న. పేర్లు చెప్పుండ్రి," అన్నాడు ఎస్సై పుస్తకం తీసి.

రఘుపతి అతని చెవి దగ్గరికి వంగాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. "భిక్షం పేరొద్దు. వాడు గీడ ఉన్నట్టు నువ్వు రాస్తే, రాలేదని సాబు రాసింది నిలవది."

విన్నమాట విన్నట్టు గట్టిగా అందరికీ చెప్పాను. రఘుపతి నా వైపు చూశాడు. గడ్డివాములో ఉన్ననాడు నా పెనిమిటి అడుగుల చప్పుడు కోసం ఎదురుచూసిన కళ్లే అవి.

"నా పేరు మొదలు రాయి సారు," అన్నాడు భిక్షం. "వీళ్లందరిని తెచ్చింది నేనే."

"నీ మీద కేసు లేదు. ఇంటికి పో."

"పోను."

ఎస్సై జానమ్మ వైపు తిరిగాడు. "నీ పేరేంది?"

"భిక్షం పేరు రాసినంక యాదికొస్తది."

ఐలేశాన్ని అడిగాడు, నర్సింహను అడిగాడు, నన్ను అడిగాడు. అరవై మందిలో ఒక్కరికీ పేరు లేకపోయింది. లాఠీలు లేచాయి. ఐలేశం తల పగిలింది, అయినా పేరు చెప్పలేదు. బజారంతా వచ్చి చుట్టూ నిలబడింది. పై నుంచి తహసీల్దారు, ముందు వీళ్లను ఇక్కణ్నుంచి తీసెయ్యమని అరిచాడు. ఎస్సై రఘుపతి మొహం చూశాడు, జనాన్ని చూశాడు, కలం విప్పి మొదట భిక్షం పేరు రాశాడు.

అప్పుడు అందరికీ పేర్లు యాదికొచ్చాయి.

మమ్మల్ని నడిపించుకుపోయారు. భిక్షం బండి మా ముందు పోయింది. పోలీసు ఠాణాకు కూడా ఐదు మెట్లున్నాయి. బండి కింద ఆగింది. వేలిముద్ర కావాలి గనక ఎస్సై సిరా దిండు పట్టుకొని తానే దిగివచ్చాడు.

భిక్షం వంగని వేలును నేను పట్టి సిరాలో అద్దాను. కాగితం దగ్గరికి రాగానే అతను చెయ్యి ఆపాడు.

"యాళ్ల గుడ రాయి సారు," అన్నాడు. "పొద్దుగాల పదింటికి భిక్షం కచేరి కాడ ఉన్నడని."