ఒకటి తక్కువ గొట్టం

"దీనికి ఏ బటన్ నొక్కాలి?" అని భర్త ఫోన్ చేసేసరికి ఆమె ల్యాబ్‌లోని చల్లగదిలో స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, చుక్కచుక్కగా దిగుతున్న ప్రోటీన్ ముందు కాపలా కూర్చుని ఉంది. వాషింగ్ మెషిన్ కొని ఏళ్ళు గడిచాయి. దాని నెత్తిన అరచేతంత బటన్ ఒకటే ఉంది. అయినా ఓపిగ్గా చెప్పింది. "ఆ గొడవంతా మాకెందుకులే, నువ్వొచ్చి వేసుకో. నీ ఎలుకలు ఎక్కడికీ పారిపోవుగా!" అన్నాడాయన.

ఎలుకలు లేవు మహాప్రభో అని పెళ్ళయిన నాటి నుంచీ మొత్తుకుంటూనే ఉంది. ఎలుక జన్యువు ఒకటి తెచ్చి బాక్టీరియాలో పెడితే, ఆ ఎలుక ప్రోటీన్‌ను అవే కుప్పలుతెప్పలుగా తయారుచేసి పెడతాయి. దాన్ని వడకట్టి శుభ్రం చెయ్యడం ఆమె పని. కణంలో కొత్త ప్రోటీన్ పుట్టాలంటే ఆదేశం ఒక్కటే వస్తే చాలదు, ఆ ఆదేశం కొస పట్టుకుని పని మొదలుపెట్టించేది ఒకటుండాలి. అదే ఇది. ఇది లేకపోతే సరంజామా అంతా ఉన్నా ఎక్కడిదక్కడే. ఇంత చెప్పినా ఆయన మాత్రం స్నేహితులకు "మా ఆవిడ ఎలుకల డాక్టరు" అని పరిచయం చేసి, తన జోకుకు తనే పడీపడీ నవ్వుతాడు.

ఈ పని మొదలుపెట్టాక మధ్యలో వదలకూడదు. కిందటిసారి సాయంత్రం ఇంటికి పరిగెత్తి మర్నాడు వచ్చి చూస్తే ప్రోటీన్ పాలు విరిగినట్టు విరిగిపోయింది. ఆ ఫోన్ వచ్చిన రోజూ ఇంటికి పరిగెత్తక తప్పలేదు, మళ్ళీ అంతే అయింది. "సాయంత్రమైతే మీ మనసు ఇంటిమీదే. ఇంకొక్కసారి పాడైతే ఈ పని పక్క బల్ల ఆయనకి ఇచ్చేస్తాను" అన్నాడు ల్యాబ్ పెద్దసారు. ఆ పక్క బల్ల ఆయనకి ఇంట్లో ఎవరు వండి పెడుతున్నారో పెద్దసారు ఎన్నడూ అడగలేదు. ఆమెకు ఏడుపూ, ఒళ్ళుమంటా కలిసి వచ్చాయి.

"ముఖం అలా వేలాడేసుకున్నావేమే?" అంది ఇంట్లో అత్తగారు కూరలు తరుగుతూ. కోడలు అంతా చెప్పింది. మంచి ప్రోటీన్ చేతికొచ్చినా అయిపోదు, దాన్ని మిగతా సరంజామాతో కలిపి ఒక గొట్టంలో వేస్తే, పని మొదలైనప్పుడు అది వెలుగుతుంది; పక్కన ఇంకో గొట్టం పెట్టాలి, అందులో ఈ ఒక్క ప్రోటీన్ తప్ప అన్నీ వెయ్యాలి అంది.

"ఒక్కటి తీసేసి చూస్తారా? ఎందుకూ?"

"అప్పుడేగా అత్తయ్యా, ఆ ఒక్కటీ ఏం చేస్తోందో తెలిసేది!"

అత్తగారి కత్తి ఆగింది. హాల్లోంచి తండ్రీ కొడుకూ ఒకే గొంతుతో టీ అడిగారు. ఆవిడ అటు చూసింది, కోడలి వంక చూసింది. "ఆదివారం నువ్వు నీ పనికి పో. నేను మా చెల్లెలింటికి పోతా. నేనిక్కడుంటే చెయ్యి ఊరుకోదు, నీ పరీక్ష చెడుతుంది."

ఆదివారం ఆమె ఫోన్ ఆపి అలమరలో పెట్టింది. చివరి చుక్క దిగేదాకా కదల్లేదు. పొద్దు వాలే వేళకు ప్రోటీన్ వేసిన గొట్టం మిలమిలా వెలిగిందని మీటరు చూపించింది. అది లేని గొట్టం గుడ్డిదీపమైనా కాలేదు. బల్లల మధ్య ఆమె ఒక్కతే గిరగిరా తిరిగి గంతులేసింది.

ఇంటికొస్తే, చెల్లెలింటి నుంచి అప్పుడే వచ్చిన అత్తగారు సంచీతో గుమ్మం బయటే నిలబడి ఉంది. లోపల చీలమండల దాకా నురగ. ప్యాంటు మోకాళ్ళకు మడిచి భర్త, బక్కెట్టుతో మావగారు.

"ఫోన్ ఎత్తవేం? చూశావా, మేమే మొదలుపెట్టాం!" అన్నాడు భర్త, ఘనకార్యం చేసినవాడిలా. తాడు మీద వంకరటింకరగా బట్టలు ఆరుతున్నాయి. వంటింట్లోంచి మాడువాసన, దాంతోపాటు అన్నం వాసన కూడా వస్తున్నాయి.

ఆమె చెయ్యి అలవాటుగా నేల తుడిచే గుడ్డ మీదికి పోయింది. చటుక్కున వెనక్కి లాక్కుని స్వెట్టర్ జేబులో పెట్టుకుంది.

"ఏదో, ఈ ఒక్క ఆదివారానికి గట్టెక్కాం" అని నిట్టూర్చారు మావగారు.

"ఒక్కసారి వస్తే దాన్ని ఫలితం అనరు మావయ్యా. మళ్ళీ మళ్ళీ చేసినా అదే రావాలి. కనీసం మూడుసార్లు."

అత్తగారు సంచీ కింద పెట్టబోతూ ఆగింది.

"మూడేనా?"