తుపాకి నోరు మూయు సాధనము

భాద్రపదమాసపు కడపటి దినములవి. మూడుమాసములెడతెగక కురిసి తమకుదామే విసిగినట్లు కారుమొగిళ్లు కుంభగిరి శిఖరములపై నొఱగి పరుండియుండెను. కొండవాలున చోళ్లును సామలును వెన్నుదీసి తడిసి బరువెక్కి నేలచూపులు చూచుచుండ లోయలనుండి లేచిన యావిరి త్రోవలను గప్పుచుండెను. మధ్యాహ్నమైనను మునిమాపువలె మసకబాఱిన యా వేళ సంస్థానపు కచ్చేరిగోడలు చెమర్చుచుండ కాగితములు మెత్తబడి సిరాను బీల్చి యక్షరముల నలుకుచుండ గుమాస్తాలు కలములు క్రిందబెట్టి యావులించుచుండిరి.

ఆ కచ్చేరిలో తూర్పుకిటికీ చెంత ముప్పదియొక్క వత్సరములుగా నొక్క పీటమీదనే కూర్చుండి సంస్థానాధీశ్వరుని యింగ్లీషు శాసనములను తెలుగు చేయుచు వచ్చిన భాషాంతరీకర్త ఆకెళ్ల పేరిశాస్త్రి. కన్నులు మందగించినవి. నడుము వంగినది. శాసనములు మాత్రము తఱుగలేదు. పాపము ఆయనకు మిగిలిన సుఖమొక్కటే. తన తెలుగులో సీమమాట యొక్కటియు దొరలనీయడు. లోకమంతయు కోర్టనిన నాయన న్యాయస్థానమనును. లైసెన్సనిన అనుజ్ఞాపత్రమనును. ఇంటిలో ఇల్లాలు కాఫీ పుచ్చుకొందురా యని యడిగినచో ఆ మాటకు బదులు పలుకక చేయి మాత్రము చాచునట.

నిరుడు సంస్థానపు రక్షితారణ్యమున లేళ్లు కూలుట మొదలిడెను. గాయము చూడగా గుండుదెబ్బ. చప్పుడు విన్నవాడు లేడు. కావలివాండ్రు దయ్యమనిరి. తుదకు దెలిసినదేమనగా తుపాకి మూతికి మరతో బిగించినచో చప్పుడును మ్రింగివేయు గొట్టమొకటి సీమనుండి వచ్చినదనియు దానిని సైలెన్సరందురనియు. అట్టిదానిని అనుజ్ఞ లేక చేయుటయు నమ్ముటయు దాచుటయు నేరమనియు నేరస్థునకు ఏడాది కఠినశిక్ష విధించి వాని తుపాకి జప్తు చేయవలయుననియు దివానుగారు ఇంగ్లీషున శాసనము రచించి శాస్త్రికి బంపిరి. ఆ సంస్థానమున ఇంగ్లీషు ఎట్లున్నను టముకు వేయించి ప్రజలకు చాటిన తెలుగుపాఠమే ప్రమాణము.

శాస్త్రి యా వస్తువును కంట జూడలేదు. చూచినవారి నడుగనులేదు. పండితుడు పదమునకై యొకరి వాకిట నిలుచుటయా! మౌనము వహింపజేయుటయనగా నోరు మూయించుటయే గదా యని తలచి సైలెన్సరునకు “తుపాకి నోరు మూయు సాధనము” అని వ్రాసి తానే పదిమాఱులు చదువుకొని మురిసెను. దివానుగారును మురిసి విజయదశమి సభలో శాలువయు భాషాదర్పణ బిరుదమును ఇప్పించెదమని సెలవిచ్చిరి. అందఱకు శకునము చెప్పు బల్లి కుడితిలో పడినదని అప్పటికెవరికి దెలియును?

కొండమీద చోళ్లచేనికి కాపున్న కొండదొర తెగకు జెందిన సీదరి బోడన్నకు అడవిపందులను బెదరించుటకు అనుజ్ఞపొందిన నాటుతుపాకి యొకటి గలదు. వానకారున మందు తడియకుండ దాని మూతిలో గుడ్డచుట్టిన కొయ్యబిరడా దిగగొట్టుట ఆ కొండలలో తాతల నాటి యాచారము. అతడు మంచెమీద తుపాకి నొడిలో నిడుకొని కూర్చుండగా శాసనమును కంఠపాఠము చేసిన జవాను ఆ త్రోవను బోవుచు తలయెత్తి చూచెను. తుపాకి నోరు మూయబడియున్నది. మూసినది సాధనమే. అనుజ్ఞ తుపాకికి గలదు గాని బిరడాకు లేదు. పాపమా జవాను చెడ్డవాడు కాడు. చదివినదే చూచెను. చూచినదే పట్టెను.

పదునొకండు దినములు బోడన్న ఠాణాలో మగ్గెను. పంట చేతికందు వేళ. చేను వదలిన పందులపాలు. మంచెమీద పెండ్లామొక్కర్తె. దొరకిన బువ్వను తిని పడియుండుట ఖైదీకి కష్టము గాదు గాని ఏడాది శిక్ష పడినచో చేనును పోవును తుపాకియు పోవును ఆపై వచ్చు ఏటికి తిండియు నుండదు. అదియే వాని గుండెలలోని బండ.

విచారణదినమున ముద్దాయికి శాసనమును చదివి వినిపించుటకు శాస్త్రికి పిలుపు వచ్చెను. ఉస్సురనుచు గొడుగు మడిచి న్యాయస్థానమున నడుగిడిన యాయనకు బల్లమీద నొక పాత తుపాకియు దానిప్రక్క బొటనవ్రేలంత కొయ్యబిరడాయు గానవచ్చెను. ఇదేమి యని జవాను నడుగ “తమరు వ్రాసిన సాధనమే” యని వాడు వినయముతో బదులిచ్చెను. శాస్త్రి గుండె గుభేలుమనెను. ఎట్లో శాసనమును చదివి కూర్చుండెను.

మేజిస్ట్రేటు జగ్గారాయుడుగారు న్యాయమునకు గాని యన్యాయమునకు గాని తొందరపడు వయస్సు దాటినవారు. సాధనమునకు అనుజ్ఞాపత్రము గలదా యని ముద్దాయిని ప్రశ్నించిరి. బోడన్న బిరడావంకయు మేజిస్ట్రేటువంకయు మార్చి మార్చి చూచి చేతులు జోడించెను.

“వానకి మూసినాను బాబూ. పేల్చీటప్పుడు తీసెత్తాను. మూసుంటే తుపాకి పేల్దు గదా! మాకు సప్పుడుకోసరమే బాబూ తుపాకి. పంది గుండుకి సావదు, సప్పుడుకి పారిపోద్ది. సప్పుడు నేని తుపాకి మాకేటికి?”

గుమాస్తాలు నవ్విరి. జగ్గారాయుడుగారు నవ్వలేదు. వారికి గతమాసపు తీర్పొకటి జ్ఞప్తికి వచ్చెను. దివానుగారి బావమఱది నిజమైన గొట్టముతోనే పట్టుపడగా వాని వకీలు ఈ గొట్టముగుండ గుండు పోవుచున్నది గావున నోరు మూయబడలేదని వాదించి వానిని విడిపించుకొనిపోయెను. మాటప్రకారము వాడు నిర్దోషి. మాటప్రకారము వీడు దోషి. వారు నిట్టూర్చి కలము చేతబట్టిరి.

శాస్త్రి యా కలమువంకనే చూచుచుండెను. ఊరకున్నచో విజయదశమినాడు శాలువ భుజమున బడును. నోరు విప్పినచో ముప్పదియొక్క వత్సరముల పాండిత్యము ఈ గుమాస్తాల నోళ్లలో నానును. కొండవాడు ఏడాది యెట్లో గడుపుకొనిపోవును గదా యని యొకమాఱు తలచెను. తలచినందుకు తనమీద తనకే రోత పుట్టెను. ఏమి బ్రతుకిది యనుకొనుచు మోకాళ్లు పట్టుకొని లేచి నిలువబడెను.

“అయ్యా, దోషి యాతడు కాడు. ఆ మాట తప్పు. శాసనము నిషేధించినది చప్పుడును మ్రింగు గొట్టమును. నేను దానిని చూడక వ్రాసితిని.”

జగ్గారాయుడుగారు కలమాపి “శాస్త్రులుగారూ, ఇది లిఖితమగును. దివానుగారు చూతురు. ఆలోచించి పలుకుడు” అనిరి.

“ఆలోచింపక వ్రాసినందుకే గదా ఇతడిక్కడ నిలిచినాడు. లిఖింపుడు.”

బోడన్నను విడిచిపెట్టి తుపాకియు బిరడాయు వానికి ముట్టజెప్పుడని యుత్తరువాయెను. పిమ్మట సరియైన మాట యేదో సెలవిండని మేజిస్ట్రేటు అడిగిరి. శాస్త్రి కన్నులు మూసికొనెను. శబ్దనిరోధకమందమా అనుకొనెను. అనిన మేకల మెడగంటలలో గడ్డి కుక్కిన గొల్లవాడెవడో రేపు కటకటాల పాలగును. ధ్వనిశమని యందమా అనుకొనెను. ఏ మద్దెలవాని గుడ్డసంచి జప్తు చేయుదురో! ఎంత సేపటికిని మాట కుదురలేదు. కడకు “సైలెన్సరను పేరిట తుపాకి మూతికి మరతో బిగించెడి, గుండును పోనిచ్చి చప్పుడును మ్రింగెడి గొట్టము అని వ్రాసికొనుడు” అనెను. సీమమాట యాయన నోట వెడలుట విన్న గుమాస్తాలు ఈ మాఱు నవ్వలేదు.

వెలుపల మెట్లమీద బోడన్న తుపాకి భుజమున వైచుకొని వచ్చి శాస్త్రి పాదములంటబోయెను. ఆయన వెనుకకు దగ్గి వలదని వారించి నిన్ను విడిపించినవాడను గాను నాయనా, పట్టించిన మాట వ్రాసినవాడను నేనే యని చెప్పెను. బోడన్నకు కోపము రాలేదు. వచ్చినను బాగుండెడిది. వాడు భుజముననున్న తుపాకిని సవరించుకొని మెల్లగా బలికెను.

“మా బావ పొద్దున్నొచ్చి సెప్పినాడు బాబూ. తుపాకి నేదు గదా, మా ఆడది రేయీ పగలూ మంచె మీద అరుత్తానే ఉందట. సగం సేను నిలబెట్టినాదట. గొంతు పోయినాదట. నోట మాట రాటం నేదట.”

ఆ నోరు మూసినది తన మాటయేనని తెలిసి శాస్త్రి మెట్లమీదనే కూలబడెను. బోడన్న పొద్దు పోవుచున్నదని సెలవు పుచ్చుకొని కొండత్రోవ పట్టెను.

విజయదశమి వచ్చెను పోయెను. శాలువ వేఱొకరి భుజమున బడెను. శాస్త్రికి దానిమీద ధ్యాసయే లేదు. నాటినుండి ఏ శాసనమును తెలుగు చేసినను ముద్ర వేయించుటకు మున్ను కచ్చేరిమెట్లమీద కూర్చున్న కట్టెలమోపులవారికిని కావడివారికిని చదివి వినిపించి నీకేమి తెలిసినదని యొక్కొక్కరి నడుగుచుండెను. పని రెండింతలాయెను. నడుము మఱింత వంగెను. మాట యొకటి కచ్చేరిలో తప్పినచో కొండమీద నెవరి గొంతు పోవునో వ్రాయువానికి గానరాదు గావున విసుగు పుట్టినను అడుగుట మానలేదు.

కార్తికమాసమున సంతకు దిగివచ్చిన బోడన్న కచ్చేరి ముందర గానవచ్చెను. శాస్త్రి చేతిలోని కాగితము విడిచి వానికెదురేగి గొంతు వచ్చినదా యని యడిగెను.

“గుసగుసలాడతంది బాబూ” అనెను బోడన్న. “సెవి దగ్గరెట్టుకుంటే ఇనపడతాది.”