ఐదో అధ్యాయంలో పేరులేని ఆడమనిషి

ఆదివారం పొద్దున మా ఆయన రమాకాంత్ పుస్తకాల అర దులపడం నా పని. కొరియాలో పూనకం వచ్చే ఆడవాళ్ల మీద ఒకటి, బాలీ దీవి గుళ్ల మీద ఒకటి, పసిఫిక్ దీవుల పాత దేవుళ్ల మీద మూడు లావుపాటి సంపుటాలు. హన్మకొండలో మా ఇంటికొచ్చిన వాళ్లు వాటిని చూసి, సారు ఎంత చదివిండో అని నోరు తెరుస్తారు. వాటిని నేనూ చదివాను. దులుపుతూ, నిలబడి చదివాను. ఎందుకంటే నేను కూర్చుంటే మా అత్తమ్మకు ఏదో ఒక పని గుర్తొస్తుంది. "వాడు రాసుకుంటాండు, గిన్నెల సప్పుడు చెయ్యకు" అని కూడా ఆవిడే అంటుంది. నేనూ, రమాకాంత్ ఒకే క్లాసులో చరిత్ర ఎమ్మే చదివాం. ఆయన ప్రొఫెసర్ అయ్యాడు. నేను ఇంటర్ కాలేజీలో లెక్చరర్‌ని. అక్కడ ఎవరైనా రిటైరైతే శాలువా, దండ, టిఫిన్లు మేడమ్‌లు చూసుకోవాలి, ఉపన్యాసాలు సార్లు ఇస్తారు.

ఆ అరలోకి ఇప్పుడు ఆయన పుస్తకం కూడా రాబోతోంది. ఆసియా, పసిఫిక్ దేశాల చరిత్ర, మతాల మీద పుస్తకాలు వేసే ఒక విదేశీ ప్రెస్ తీసుకుంది. అమ్మవారు మీదికొచ్చే మన దిక్కు ఆడవాళ్ల గురించి రాశాడు. మొదట పరకాల దగ్గరి ఊళ్లకు ఆయనే పోయాడు. కుర్చీ వేయించుకుని కూర్చుని ప్రశ్నలడిగితే, అక్కడి ఆడవాళ్లు అంతా అమ్మ దయ సారూ అని చెప్పి, చాయ పోసి పంపించారు. అందుకని నన్ను పంపాడు. రెండు వేసవి సెలవులూ నేనే ఆ ఊళ్లు తిరిగాను. ఇంటికొచ్చి వంట చేసి, రికార్డు చేసినవన్నీ విని టైపు చేశాను. సెలవుల్లో పద్మలత ఊరికే ఉంటది గదా అని ఆయన తల్లితో అంటుంటే వంటింట్లోకి వినిపించింది. సొమ్మొకడిది, సోకొకడిది. ముందుమాట చివర నా ఓపికకు కృతజ్ఞతలు చెప్పాడు.

నాతో ఎక్కువ మాట్లాడింది సమ్మమ్మ. అరవై ఏళ్ల మనిషి, ఎల్లమ్మ వస్తుంది ఆమె మీదికి. వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చునేది. నేనూ పక్కన కూర్చుని తీసేదాన్ని, చేతులు మండిపోయేవి. ఆమెకొక పద్ధతి ఉంది. "నా ముచ్చట ఊకెనే ఇయ్య బిడ్డా. నేనొకటి చెప్తే నువ్వొకటి చెప్పాలె" అంది. చెప్పకపోతే నోరు విప్పేది కాదు. పూనకం వచ్చినప్పుడు మొగుడు ముందు నిలబడి అమ్మా అని చేతులు జోడిస్తాడట, తెల్లారి బువ్వ ఆలస్యమైందని అదే నోటితో తిడతాడట. అది చెప్పి, ఇక నీ వంతు అన్నట్టు నా ముఖంలోకి చూసింది. నేను ఆలోచించుకోలేదు, లోపల ఉన్నదే వచ్చింది.

"నీ మీదికి అమ్మొస్తది. గా గంటసేపన్న నీ మాట ఇంటరు. నా మీదికి ఎవ్వలు రారు. నా గొంతుతోని నేనే మాట్లాడుత. గందుకే ఎవ్వలినరు."

సమ్మమ్మ మిరపకాయల చేతినే నా మోకాలి మీద వేసి నొక్కింది. టైపు చేసేటప్పుడు నేనన్న ఆ మాటలు తీసేద్దామనుకున్నాను, తీయలేదు. చదివి గుర్తుపడతాడని ఆశపడ్డాను. ఇరవై ఏళ్లుగా పక్కన ఉన్న మనిషి మాట తెలియదా! ఆయన చదివి కుర్చీలోంచి లేచాడు. ఇది ఎవరన్నదని అడిగాడు. అక్కడ కూర్చున్న ఒకామె అన్నాను. ఆయన ముఖం వైపే చూస్తూ అన్నాను. పేరడగలేదు. "ఏం మాటన్నదే! ఇసొంటి మాట సదువుకున్నోళ్లకు రాదు" అన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గదా, ఆ చెట్టే పక్క ఊళ్లో ఉందంటే పనికొచ్చింది. ఐదో అధ్యాయమంతా ఆ మాట మీదే కట్టాడు. ఆ మాట అన్నది సమ్మమ్మ పక్కింటి కూలీ మనిషి, చదువు రాదు అని ఆయనే రాసేసుకున్నాడు. ప్రూఫుల్లో అది చదివిన రోజు స్నానాల గదిలో నల్లా తిప్పి ఏడ్చాను.

మొన్న ప్రెస్ ఎడిటర్ వీడియో కాల్‌లో మాట్లాడింది. పుస్తకానికి గుండెకాయ ఆ అధ్యాయమేనంది. అయితే ఆ మాట అన్న మనిషికి అది పుస్తకంలో వస్తోందని చెప్పి, ఒప్పుకున్నట్టు ఆమె నోటితోనే తీసుకోవాలి, లేకపోతే అధ్యాయం ఆపేస్తామంది. కాల్ అయిపోయాక రమాకాంత్ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. నేను పప్పు పోపు వేస్తున్నాను.

"పద్మా, రేపు జర పరకాల దిక్కు పోయి రారాదు. గా ఆడామెకు ఓ చీర పట్టుకపో. ఊ అనిపించి ఫోన్ల రికార్డు చెయ్. వాళ్లకేం తెలుస్తది, అడిగితే ఊ అంటరు."

స్టవ్ ఆపాను. కోపం వస్తుందనుకున్నాను గానీ రాలేదు. సమ్మమ్మ మాటలు, మిగతా ఆడవాళ్ల మాటలు వాళ్లు ఇష్టపడి ఇచ్చినవి, వాటి జోలికి నేను పోను. ఈ మాట ఒక్కటే నాది, నా చేతిలో ఉంది.

"పోవుడు అవసరం లేదు. ఆమె ఒప్పుకోలే" అన్నాను.

"అరే, అడిగినవా? ఎప్పుడడిగినవ్?"

"నేనడుగలే. మీరే అడిగిండ్రు గదా, ఇప్పుడు."