కాయ ఉన్నంతకాలం

ఫొటోలో దారి పడలేదట, పడకపోవడానికి అదేమైనా సిగ్గుపడే కొత్త పెళ్ళికూతురా, మా కాలనీ నుంచి వీరరాఘవయ్య గారి మామిడితోటలోంచి తారురోడ్డు దాకా మా అత్త నడిచిన దారి, కాపురానికొచ్చిన దగ్గర్నుంచి నేను నడిచిన దారి, నువ్వే చూడమ్మా దుర్గా అని ఆఫీసులో ఇంజనీరు ఏఈ గారు తను తీసుకున్న ఫొటో ఉన్న ఫోను నా ముందు పెట్టారు, చూశాను, చెట్లున్నాయి, ఎండుటాకులున్నాయి, వాటి మధ్య మొలిచిన పిచ్చిమొక్కలున్నాయి, జనం నడిచే దారైతేనే గ్రాంటు ఇస్తారు, సిమెంటు పోయించి రోడ్డుకి కలుపుతారు, కనపడని దారికి ఇవ్వరు, ఆయన కసురుకోనైనా లేదు, కసురుకుని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేసి చల్లబడేదాన్ని, దారుందండీ, కాయ కాలం కదాని ఎవరం నడవట్లేదంతే, కోతలయ్యాక రండి సార్ చూపిస్తా అన్నాను, గ్రాంటు మీ కోతల కోసం ఆగదమ్మా, ఈ నెలతో సరి అన్నారు, ఇంకెవరినో లోపలికి పిలిచారు.

బస్సు నూజివీడు దాటింది, ఎదురొచ్చే లారీ నిండా రసాలే, ఆ వాసనకి పక్కసీటు ముసలాయన లొట్టలేస్తున్నాడు, నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను, పోనీ తోటాయన కాదన్నాడా అంటే అదీ లేదు, నడిచే దారేగా దుర్గమ్మా, చెట్టు కొట్టకుండా వేసుకోండి అన్నారు రాఘవయ్య గారు, అంత పెద్దాయన సరేనన్నాక కూడా పని చెడగొట్టుకున్నామంటే ఎవర్ని తిట్టుకోను, తోట పూత మీదుండగానే కాపు కొనుక్కునే గుత్తదారు ఒకాయన ఉండేవాడు, కూలికెళ్ళొచ్చే మా ఆడవాళ్ళ క్యారేజీ మూతలు తీయించి చూశాడు ఒక ఏడాది, కాయ దాచామేమోనని, ఆ సాయంత్రం కాలనీ అంతటినీ పోగేసి నేనే అన్నాను, పిందె పట్టిన దగ్గర్నుంచి ఆఖరి కాయ దిగేదాకా మనలో ఒక్కరం కూడా ఆ చెట్ల కింద అడుగు పెట్టొద్దు, చుట్టూ తిరిగి వాగు వైపు నుంచి పోదాం, కాళ్ళు నొప్పెడితే పెట్టనీ అన్నాను, అందరూ సై అన్నారు, అప్పట్నుంచీ కావలివాడు దారి మొదట్లో అడ్డంపెట్టే ముళ్ళకంప పేరుకే, మమ్మల్ని ఆపాల్సిన పనే లేదు వాడికి, ఆ కాలనీ వాళ్ళు కాయ ముట్టరండీ అని చాట్రాయి దాకా చెప్పుకుంటారు, ఆ మాట విన్నప్పుడల్లా పొంగిపోయాను, ఈసారి ఏఈ గారు చూడ్డానికొస్తున్నారనగానే పిల్లల్ని కూడా అటు తొంగిచూడనివ్వలేదు, మన మీద మాట రాకూడదన్నాను, ఏం తెలివి నాది, ఆయన దారి చూడ్డానికొస్తే శుభ్రంగా తోట చూపించి పంపాను.

మా అమ్మాయి సౌజన్యకి ఏం చెప్పను, డిగ్రీ రెండో ఏడాది, పొద్దున ఒక్కటే బస్సు, కాయ కాలమంతా వాగు చుట్టూ తిరిగి రోడ్డెక్కేసరికి అది దాటిపోతుంది, అటెండెన్సు తక్కువైంది, పరీక్ష రాయనివ్వం అన్నారు కాలేజీలో, వాళ్ళ నాన్న సుబ్బారావుకి అదే చాలు, చదివింది చాల్లే, కాయల ప్యాకింగు పనికి పొమ్మను అంటున్నాడు, దారొస్తుందయ్యా, సిమెంటు దారి పడితే అది ఊరందరిదీ, అప్పుడు కాయ ఉన్నా నడవచ్చు అని నిన్నటిదాకా ఆయన నోరు మూయించాను, ఇవాళ్టి నుంచి నా నోరే మూతపడుతుంది, ఆశ అనేది కూడా లేకపోతే ఎంత హాయిగా ఉండేదో.

బస్సు దిగేసరికి సౌజన్యే ఎదురొచ్చింది, నా మొహం చూసి ఇవ్వలేదా అంది, లేదే అన్నాను, ఏడవలేదు పిల్ల, నా చేతిలో సంచి తీసుకుంది, ఇద్దరం తోట దాకా వచ్చాం, కావలివాడు ఎక్కడికి పోయాడో ఏమో, కంప పక్కకి లాగేసి ఉంది, చెట్ల కింద చల్లగా నీడ, అవతల మా ఇళ్ళ రేకులు కనపడుతున్నాయి, ఎవరూ లేరమ్మా, ఇట్నుంచి పోదాం రా, నాకు కాళ్ళు లాగేస్తున్నాయి అని సౌజన్య లోపలికి అడుగేసింది, అంతే, దాని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశాను, కాయ ఉందే, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అన్నాను, అది నన్నొకసారి చూసి వాగు వైపు తిరిగింది, నేను అక్కడే నిలబడిపోయాను, గ్రాంటు వచ్చినా సిమెంటు పోసినా ఈ కాలంలో ఇలాగే లాగుతానని, నా కూతురికి అడ్డం ఆఫీసూ కాదు తోటా కాదు నేనేనని అప్పుడు తెలిసింది, తెలిసీ కంప దాటి ఒక్క అడుగు వెయ్యలేక దాని వెనకే వాగు వైపు నడిచాను.