తెల్ల చదరంలో చుక్క

దుర్గాశ్రీ పెరట్లో కొబ్బరిపీచుతో పాలగిన్నె తోముతోంది. అడుగు మాడు పూర్తిగా వదిలేదాకా విడిచిపెట్టే రకం కాదు. గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని సావిట్లోకి వచ్చి, గోడకి ఆనించిన తన బొమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

మూడడుగుల పొడవు గుడ్డ మీద పైన ఎర్ర చదరం, కింద తెల్ల చదరం, మధ్యలో సన్నటి నల్లగీత. అంతే. నాలుగు నెలల పని. పదకొండింటికల్లా అమలాపురంలో ప్రదర్శన వాళ్లకి అప్పగించాలి, ఆలస్యమైతే తీసుకోరు. ఇప్పుడా తెలుపు మూలన శనగగింజంత కాటుక చుక్క ఉంది.

తండ్రి పెద్దిరాజు దాన్ని బొమ్మగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. "గెట్లు బానే వేసేవమ్మా, పొలమేది?" అని వచ్చినవాళ్లందరి ముందూ నవ్వేవాడు. చెట్టో పడవో వేస్తే జనం వాటినే చూస్తారని, నూరేళ్ల కిందటే కొందరు అవన్నీ తీసేసి రంగునీ గీతనీ మాత్రమే నిలబెట్టారని, ఇవాళ పెద్ద మ్యూజియాల్లో వాటికి గోడలున్నాయని ఆమె ఓపిగ్గా చెప్పింది. మన సావిట్లో మాత్రం దానికి గోడ లేదన్నాడాయన. కొబ్బరికాయలు తోలే తన ట్రాలీ ఆటోలో దాన్ని ఎక్కించననీ అన్నాడు.

చుక్క పెట్టింది తల్లి రమణమ్మ. పొద్దున్నే పక్కింటివాళ్లు వచ్చి చాలాసేపు చూసి వెళ్లారట.

"దిష్టిచుక్క పిల్లలకి పెడతారమ్మా, దీనిక్కూడానా?"

"నాలుగు నెలలు మోసేవు కదే. పిల్ల కాకపోతే ఏంటది?"

"తెలుపు ఖాళీగా ఉండాలి. చుక్క ఉంటే చూపంతా అక్కడికే పోద్ది."

"పోవాలనే కదే పెట్టేది," అంది రమణమ్మ నెమ్మదిగా.

దుర్గాశ్రీ మళ్లీ ఆ చుక్క వైపు చూసింది. ఏది ఎక్కడుంటే కన్ను ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికి తనకి నాలుగేళ్లు పట్టింది. అమ్మకి అది ఎప్పుడో తెలుసు.

"నువ్వన్నది నిజమే. కానీ ఇది అందరి చూపూ పడాలనే వేసేనమ్మా."

బ్లేడు మొనతో పైపైన గీకింది. సబ్బునీళ్ల దూదితో జిడ్డు తీసింది. తెల్లరంగు పూసి, ఆరాక మళ్లీ పూసింది. గడియారం వైపు చూడలేదు. పెద్దిరాజు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు.

రంగు ఆరాక బొమ్మని వెనక్కి తిప్పి పట్టుకుంది.

"ఇటు పెట్టమ్మా, ఎంత పెద్దదైనా."

రమణమ్మ కాటుక భరిణె తెచ్చి, వెనక గుడ్డ మీద రూపాయి బిళ్లంత చుక్క పెట్టింది.

బొమ్మకి చుట్టడానికి దుర్గాశ్రీ దుప్పటి వెతుకుతుండగా పెద్దిరాజు భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. తెలుపు మీద వేలు ఆనించబోయి, ఆగి, తువ్వాలు కప్పాడు. ఎర్ర చదరం పైకి ఉండేలా రెండు చేతులా ఎత్తుకుని, ట్రాలీ ఆటో వైపు నడిచి వెళ్లిపోయాడు.